ఈస్టర్ ఎందుకంత ముఖ్యం? ఆ రోజు సమాధుల దగ్గరకు వెళ్ళడం తప్పా?

మీ ప్రశ్న మొత్తం చదివాను అమ్మా. మిగతావాళ్ళకూ తెలియాలి కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెబుతాను. పోయిన ఆగస్టులో మీ నాన్నగారు ప్రభువు దగ్గరకు వెళ్ళారు. ఆయన లేకుండా వస్తున్న మొదటి ఈస్టర్ ఇది. గుంటూరులో మీ పుట్టింటివాళ్ళ అలవాటు ప్రకారం ఆ రోజు తెల్లవారుజామున సమాధి దగ్గరకు వెళ్దామనుకున్నారు. విజయవాడలో మీ మామయ్యగారు మాత్రం అది వాక్యానుసారం కాదనీ, అసలు ఈస్టరే అన్యుల పండుగనీ అంటున్నారు. ఆఫీసులో స్నేహితురాలు "పునరుత్థానం అంటే పునర్జన్మేగా" అంటే మీకు జవాబు తోచలేదు. ఇంత రాసి ఆఖర్లో అసలు సంగతి అడిగారు: యేసు నిజంగా శరీరంతో లేచాడని నమ్మాల్సిందేనా, ఆయన బోధలు మనలో బతికున్నాయని అనుకుంటే సరిపోదా?

నేను గుంటూరు చుట్టుపక్కల లూథరన్ సంఘాల్లో కాపరిగా పనిచేసి రిటైరయ్యాను. మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతా వాటికి జవాబు దాన్నిబట్టే ఉంటుంది.

సరిపోదు. ఈ మాట మొదట అన్నవాడు పౌలు, అదీ చాలా కటువుగా అన్నాడు. క్రీ.శ. 55 ప్రాంతంలో, అంటే సిలువ జరిగిన సుమారు పాతికేళ్ళకు, కొరింథు సంఘానికి పత్రిక రాశాడు. ఆ సంఘంలో కొందరికి యేసంటే ప్రేమే. బాప్తిస్మం పొందారు, ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడంలో) పాలుపొందుతున్నారు. చచ్చినవాళ్ళు లేస్తారన్న మాట మాత్రం వాళ్ళకు మింగుడుపడలేదు. గ్రీకు చదువులున్న ఊళ్ళలో అది మామూలే. శరీరం ఆత్మకు బందిఖానా, చావుతో ఆత్మ బయటపడుతుంది, మళ్ళీ ఆ శరీరం ఎవరిక్కావాలి అనేది అక్కడ చాలామంది ఆలోచన. ఏథెన్సులో పౌలు ఉపన్యాసం అంతా విన్నవాళ్ళే పునరుత్థానం అనగానే నవ్వారని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో ఉంది. కొరింథువాళ్ళకు పౌలు ఏం రాశాడు? క్రీస్తు లేవకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసం వ్యర్థం, మేం దేవుని గురించి అబద్ధసాక్ష్యం చెప్పినవాళ్ళమవుతాం, మీరింకా మీ పాపాల్లోనే ఉన్నట్టు, చనిపోయినవాళ్ళు నశించినట్టే, మనుషులందరిలో మనకన్నా దౌర్భాగ్యులు లేరు అన్నాడు. 'బోధలన్నా మిగులుతాయిలే' అనే ఊరట ఎక్కడా ఇవ్వలేదు. నా మట్టుకు నాకు, "లేచాడో లేదో ఎవరికి తెలుసు, మంచి మాటలు చెప్పాడు చాలు" అనే క్రైస్తవుడి కంటే "లేవలేదు" అని ముఖం మీద చెప్పే నాస్తికుడే పౌలును సరిగ్గా అర్థం చేసుకున్నాడనిపిస్తుంది.

శిష్యులు కూడా 'ఆయన బోధలు బతికున్నాయి' అని ఎప్పుడూ ప్రచారం చేయలేదు. ఆయన చనిపోయాక ఎమ్మాయు అనే ఊరి దారిలో నడుస్తున్న ఇద్దరు శిష్యుల్నీ చూడండి. ఆయన మాటలన్నీ వాళ్ళకు గుర్తున్నాయి, ఆయన చేసిన పనులూ గుర్తున్నాయి. అయినా 'ఆయనే ఇశ్రాయేలును విడిపిస్తాడని ఆశపడ్డాం' అని, అయిపోయిన సంగతిలాగా చెప్పుకుంటూ ముఖాలు వేలాడేసుకుని ఇంటిదారి పట్టారు. నాయకుడు చస్తే అనుచరులు చెదిరిపోవడం ఆ రోజుల్లో కొత్తేమీ కాదు. థూదా, గలిలయ యూదా అనేవాళ్ళ పేర్లెత్తి, వాళ్ళు చచ్చాక జనం చెల్లాచెదురైపోయారని గమలీయేలు యూదుల మహాసభలోనే చెప్పాడు. యేసు విషయంలోనూ శుక్రవారం రాత్రికి అదే జరిగింది. సుమారు యాభై రోజులకే అదే యెరూషలేములో, ఆయన్ని చంపించిన వాళ్ళ మధ్యే, పేతురు నిలబడి 'మీరు చంపారు, దేవుడు లేపాడు' అన్నాడు. మధ్యలో ఏం జరిగింది? ఈ ప్రశ్నకు 'వాళ్ళకు ఆయన బోధలు బాగా గుర్తొచ్చాయి' అనేది చాలా బలహీనమైన జవాబు.

ఇంకొకటి ఆలోచించండి. ఆనాటి యూదుల్లో సద్దూకయ్యులు పునరుత్థానమే లేదనేవాళ్ళు. పరిసయ్యులు ఉందనేవాళ్ళు గానీ, అది అందరికీ ఒకేసారి, యుగాంతంలో. చరిత్ర మధ్యలో ఒక్క మనిషి ముందే లేస్తాడని ఎదురుచూసినవాళ్ళు లేరు. కాబట్టి శిష్యులు తమ ఆశలకు తగ్గట్టు కథ అల్లుకున్నారనుకోవడం కష్టం. వాళ్ళకు ఆ ఆశే లేదు.

మరి సాక్షులెవరు? పౌలు తాను అంతకు ముందే అందుకున్న ఒక పట్టీ ఇస్తాడు: కేఫా (అంటే పేతురు), పన్నెండుగురు, ఒకేసారి ఐదువందలమందికి పైగా సహోదరులు, యాకోబు, అపొస్తలులందరూ, చివరికి తాను. ఆ ఐదువందలమందిలో చాలామంది ఇప్పటికీ బతికే ఉన్నారనీ రాశాడు. అంటే కావాలంటే వెళ్ళి అడగండనేగా! యాకోబు పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఈయన యేసు తమ్ముడు. ఆయన సహోదరులు ఆయన్ని నమ్మలేదని యోహాను 7వ అధ్యాయం చెబుతుంది. అలాంటివాడు తర్వాత యెరూషలేము సంఘానికి పెద్దయ్యాడు. క్రీ.శ. 62లో ఆయన్ని రాళ్ళతో కొట్టి చంపించారని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. ఇంట్లోవాళ్ళను నమ్మించడం ఎంత కష్టమో మనకు తెలియంది కాదు. అన్నను దేవుడని ఒప్పుకుని ప్రాణం ఇచ్చే తమ్ముడు ఊరికే దొరకడు.

నాలుగు సువార్తల్లోనూ సమాధి దగ్గరకు ముందు వెళ్ళింది ఆడవాళ్ళే. ఆడవాళ్ళ సాక్ష్యం కోర్టులో చెల్లదనుకునే కాలం అది. ఈ మాట కూడా జోసీఫస్ రాసిపెట్టాడు. తర్వాత రెండో శతాబ్దంలో సెల్సస్ అనే గ్రీకు పండితుడు ఒక పిచ్చి ఆడమనిషి చెప్పిన మాట పట్టుకుని ఇదంతా నడిపిస్తున్నారని క్రైస్తవుల్ని ఎగతాళి చేశాడు. కథ కట్టేవాళ్ళయితే పేతురునో యోహానునో ముందు పంపేవాళ్ళు. ఆ మాటకొస్తే శిష్యులే ఆ స్త్రీల మాట నమ్మలేదు, వెర్రిమాటలనుకున్నారని లూకా దాచకుండా రాశాడు. మన సంఘాల్లో ఆడవాళ్ళను ప్రసంగ వేదిక ఎక్కనివ్వాలా వద్దా అని ఇప్పటికీ చర్చలు పెట్టుకునే పెద్దలు ఈస్టర్ రోజున ఈ భాగం చదివేటప్పుడు కాస్త నెమ్మదిగా చదివితే బాగుంటుంది.

సువార్తల మధ్య తేడాలున్నాయి కదా అని కొందరు అడుగుతారు. ఉన్నాయి. మార్కులో ఒక యౌవనుడు, లూకాలో ఇద్దరు మనుష్యులు, మత్తయిలో ఒక దూత, యోహానులో ఇద్దరు దూతలు. వెళ్ళిన స్త్రీల పేర్లలోనూ తేడా ఉంది. మార్కు అతి పాత ప్రతులు 16వ అధ్యాయం 8వ వచనం దగ్గర, స్త్రీలు వణుకుతూ పారిపోయారన్న మాటతో ఆగిపోతాయి. వీటన్నిటినీ అతికించి ఒకే కథగా సాపుచేయడం నాకు ఇష్టం ఉండదు. అందరూ ఒకే మాట చెబితే ఎవరో నేర్పించారనుకుంటాం. రాయి దొర్లి ఉంది, శరీరం లేదు, ఆయన లేచాడు. ఈ మూడింటి దగ్గర నలుగురూ ఒకటే. ఇవి గణితంలో లెక్క తేలినట్టు రుజువు చేస్తాయని నేననను. నమ్మడానికి మాత్రం మన బుర్ర పక్కన పెట్టక్కర్లేదు.

ఇక మీ స్నేహితురాలి మాట. ఆవిడ ఎగతాళిగా అనలేదని రాశారు కాబట్టి గౌరవంగానే చెప్పండి. పునర్జన్మలో ఆత్మ పాత శరీరాన్ని వదిలి కొత్త శరీరంలోకి వెళ్తుంది, కర్మను బట్టి మళ్ళీ మళ్ళీ పుడుతుంది, ఆ చక్రం నుంచి బయటపడడమే మోక్షం. పునరుత్థానంలో అలా కాదు. ఆ మనిషే, ఆ పేరుతోనే, దేవుడు లేపితే లేస్తాడు. ఒక్కసారే. శరీరం నుంచి విడుదల కావాలని మనం కోరుకోం, మన శరీరానికే విడుదల వస్తుందని రోమా పత్రిక 8వ అధ్యాయం చెబుతుంది. యేసు సమాధిలోంచి లేపిన లాజరు సంగతి అడిగితే, అతను లేచాడు గానీ మళ్ళీ చనిపోయాడు. అది ప్రాణం తిరిగి రావడం. యేసు లేచింది ఇక చావులేని జీవానికి. ఆయన శరీరం ఎలాంటిదో సువార్తలే చూపిస్తాయి. తలుపులు వేసి ఉన్నా లోపలికొచ్చాడు, మగ్దలేనే మరియ మొదట తోటమాలి అనుకుంది, కాల్చిన చేప తిన్నాడు, తోమాకు మేకుల గాయాలు చూపించాడు. గాయాలు మానిపోయి మచ్చలేని శరీరం వచ్చిందని రాయలేదు, గమనించండి. పడ్డ బాధ చెరిగిపోలేదు, ఆ గాయాలతోనే ఆయన్ని గుర్తుపట్టారు. ఆస్పత్రిలో చాలాకాలం నలిగిన మీ నాన్నగారి గురించి ఆలోచించేటప్పుడు ఇది మీకు పనికొస్తుంది.

దీనికీ మనకూ సంబంధం ఏంటో చెప్పడానికి పౌలు వ్యవసాయంలోంచి ఒక మాట తీసుకున్నాడు. క్రీస్తు నిద్రించినవారిలో ప్రథమఫలం అన్నాడు. మిర్చి వేసేవాళ్ళున్న ఊరు మనది, ఇది పెద్దగా వివరించక్కర్లేదు. మొదటి కోత ఇంటికొస్తే చేలో మిగతా కాయ ఎలా ఉండబోతుందో తెలుస్తుంది. యార్డుకు తీసుకెళ్ళేది ఆ ఒక్క బస్తాయే అయినా, వెనక పంట ఉంది. యేసు లేవడం ఆయన ఒక్కడికి దక్కిన బహుమానం అయితే మనం చప్పట్లు కొట్టి ఇంటికి పోవచ్చు. అది మొదటి కోత కాబట్టే మీ నాన్నగారి సమాధికి దానితో సంబంధం ఉంది.

మనవాళ్ళు చాలామంది ఇక్కడే పొరపడుతున్నారని నా అభిప్రాయం. మన ఇళ్ళల్లో ఎవరైనా పోతే "ఆత్మ పరలోకానికి వెళ్ళింది, ఇది వట్టి మట్టేగా" అంటాం. మొదటి సగం సరే. రెండో సగం కొరింథువాళ్ళ మాట. ప్రతి ఆదివారం విశ్వాసప్రమాణంలో శరీర పునరుత్థానాన్ని నమ్ముతున్నామని నిలబడి చెబుతాం కదా, ఆ శరీరం ఏదనుకుంటున్నాం? ఈ సంగతి మొదటి శతాబ్దాల్లో బయటివాళ్ళకే బాగా తెలుసు. క్రీ.శ. 177లో లియాన్ పట్టణంలో క్రైస్తవుల్ని చంపి, శరీరాలు కాల్చి, బూడిదను రోన్ నదిలో కలిపేశారు. ఇక ఎలా లేస్తారో చూద్దామని వాళ్ళ ఉద్దేశం. (ఈ ఒక్క కారణంతో దహనం చేస్తే లేవరేమో అని భయపడకండి. శూన్యంలోంచి చేసిన దేవుడికి బూడిద అడ్డం కాదు. విజయవాడ లాంటి చోట పాతిపెట్టే స్థలం దొరక్క ఒకే సమాధిలో కుటుంబంలో ఇద్దరు ముగ్గుర్ని పెడుతున్నారు, ఆ టెన్షన్ కూడా అక్కర్లేదు.)

క్రిస్మస్ కంటే ఇది పెద్ద పండుగ ఎలా అయిందని అడిగారు. మార్కు, యోహాను సువార్తల్లో యేసు పుట్టిన కథే లేదు. నాలుగింటిలోనూ ఖాళీ సమాధి ఉంది. అపొస్తలుల కార్యముల్లో పేతురు, పౌలు చేసిన ప్రసంగాలు చదవండి, బేత్లెహేము ఊసు ఉండదు, లేపబడ్డాడన్న మాట మాత్రం దాదాపు అన్నిటిలో ఉంటుంది. డిసెంబరు 25న క్రిస్మస్ చేసుకోవడం నాలుగో శతాబ్దంలో గానీ కనబడదు. ఈస్టర్ అప్పటికే పాత పండుగ. అసలు మనం ఆదివారం గుడికి వెళ్ళడమే ఆయన ఆదివారం లేచినందుకు. ఉపవాస శ్రమ దినాలు మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా లెక్కేస్తే 46 రోజులు వస్తాయి, మరి నలభై రోజులంటారేంటని పిల్లలు అడుగుతుంటారు. మధ్యలో ఆరు ఆదివారాలు తీసేస్తారు. శ్రమ దినాల్లో కూడా ఆదివారం పునరుత్థాన దినమే, దాన్ని ఉపవాసంలో కలపరు.

లెక్కలో ఇంత జాగ్రత్త పడ్డ మనం ఆచరణలో శుక్రవారం దగ్గర ఆగిపోయాం. గుడ్ ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు, పన్నెండు నుంచి మూడు దాకా, ఆ ఎండలో కూడా షామియానా కింద నిలబడి వింటాం, ఏడుస్తాం. ఆదివారం తెల్లవారుజామున ఆరాధనకు వచ్చేవాళ్ళలో సగం నిద్రకళ్ళతో ఉంటారు, తర్వాత చికెన్ షాపు దగ్గర లైను. శ్రమలంటే మనకు తెలుసు, మన జీవితాలే అలాంటివి, అందుకని శుక్రవారం తేలిగ్గా అంటుకుంటుంది. చావు ఓడిపోయిందన్న మాట నమ్మడానికి ఎక్కువ కష్టపడాలి. ఈ విషయంలో ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ళను చూసి మనం నేర్చుకోవచ్చు. శనివారం రాత్రి చీకట్లో కొత్త నిప్పు రాజేసి, పెద్ద పాస్కా కొవ్వొత్తి వెలిగించి, దానితో అందరి కొవ్వొత్తులూ వెలిగించుకుని, బాప్తిస్మ ప్రమాణాలు మళ్ళీ చెప్పుకుంటారు. పైగా ఈస్టర్ ఒక్క రోజు కాదు, పెంతెకొస్తు దాకా యాభై రోజుల పండుగ. మన లూథరన్ క్యాలెండర్‌లోనూ ఆ వారాలన్నీ ఉన్నాయి. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టిన దగ్గర్నుంచి మనకొచ్చిన సంప్రదాయం అది. మనమే సోమవారం పొద్దునకు మర్చిపోతాం.

అన్యుల పండుగ అనే మాట గురించి ఎక్కువ రాయను. ఇంగ్లీషు పేరు ఎక్కడి నుంచి వచ్చిందన్నది వేరే గొడవ. ఇంగ్లీషు భాషే పుట్టని రోజుల్లో, రెండో శతాబ్దంలోనే, ఈ పండుగ ఏ రోజున చేయాలని ఆసియా మైనర్ (ఇప్పటి టర్కీ) సంఘాలకూ రోముకూ వాదన నడిచింది. యూదుల పస్కా రోజునే చేయాలని ఆసియావాళ్ళు, ఆదివారమే చేయాలని రోమువాళ్ళు. స్ముర్న బిషప్పు పొలికార్పు ముసలితనంలో ఈ సంగతి మాట్లాడడానికి రోముకు వెళ్ళాడు. ఏకాభిప్రాయం కుదరలేదు, అయినా సమాధానంగానే విడిపోయారు. 325లో బిషప్పులు కూడిన నికయ సభ అందరూ ఒకే ఆదివారం చేయాలని నిర్ణయించింది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం అనే లెక్క ఆ తర్వాత క్రమంగా స్థిరపడింది. అందుకే మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు. గుడ్లు, కుందేళ్ళు మీ మామయ్యగారికి నచ్చకపోతే నాకూ నచ్చవు. మన వైపు అవి షాపింగ్ మాల్స్‌లో తప్ప గుడిలో కనబడవు.

ఇప్పుడు సమాధి సంగతి. మామయ్యగారు "సజీవుని మీరెందుకు మృతులలో వెదకుచున్నారు" అనే వచనం చెప్పి ఉంటారు, అందరూ అదే చెబుతారు. ఆ మాట దూతలు ఎక్కడ నిలబడి అన్నారు? సమాధి దగ్గరే. సుగంధద్రవ్యాలు పట్టుకుని చీకటితో బయల్దేరి వెళ్ళిన ఆడవాళ్ళకే ఆ వార్త ముందు అందింది. ఇంట్లో తలుపులేసుకుని కూర్చున్న మగవాళ్ళకు ఆయన్ని చూడడానికి సాయంత్రం దాకా ఆగాల్సి వచ్చింది. మన పెద్దలు ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్ళే అలవాటు పెట్టడంలో ఎంతో అర్థం ఉంది. గుడిలో నిలబడి 'ఓ మరణమా, నీ విజయమెక్కడ' అని చదవడం తేలికే. నాన్నగారి పేరు చెక్కిన రాయి ముందు చదవాలంటే గొంతు పూడుకుపోతుంది. ఆ మాట చదవాల్సింది అక్కడే.

మామయ్యగారి భయంలో నిజం బొత్తిగా లేదనను. సమాధి మీద నాన్నగారికి ఇష్టమైన వంటకాలు పెట్టడం, ఆయన్ని పిలిచి "మమ్మల్ని చూసుకో నాన్నా" అని వేడుకోవడం, సీసాలు తెచ్చి పోయడం కొన్ని చోట్ల చూశాను. అవి వద్దు. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించే పద్ధతి ఆర్‌సీఎంలో ఉంది, వాళ్ళు ప్రత్యేకంగా నవంబరు 2న చేస్తారు. మన లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో అది లేదు. మీరు చేసేది మూడు పనులు: నాన్నగారి కోసం దేవునికి కృతజ్ఞత చెప్పడం, మీ కోసం ఆదరణ అడగడం, లేస్తారన్న మాట గట్టిగా చదవడం. ఇందులో ఆక్షేపించడానికి ఏముంది?

ఏడుపొస్తే ఏడవండి. నిరీక్షణ లేనివాళ్ళలాగా దుఃఖపడొద్దని థెస్సలొనీకయులకు రాసిన మాటను, అసలు దుఃఖపడొద్దన్నట్టు కొందరు బోధిస్తారు. అది తప్పు. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఆ సమాధి దగ్గరకు వెళ్తూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

శనివారం సాయంత్రమే మనిషిని పెట్టి కలుపు పీకించి, సున్నం వేయించండి. పేరు, తేదీలు చెరిగిపోతే రాయించండి. ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నర, ఐదు మధ్య వెళ్తే బాగుంటుంది, ఆరు గంటలకల్లా తెల్లారిపోతుంది, తర్వాత ఎండ. కొవ్వొత్తులు గాలికి ఆరిపోతాయి, గాజు గ్లాసుల్లో పెట్టండి. పిల్లల్ని తీసుకెళ్ళండి, తాతయ్య సమాధి చూసి భయపడతారనుకోకండి. వాళ్ళు అడిగే ప్రశ్నలకు 'తాతయ్యను యేసయ్య లేపుతాడు' అని సూటిగా చెప్పండి, నిద్రపోయాడని, నక్షత్రం అయ్యాడని చెప్పొద్దు. మీ అమ్మగారికి ఈ ఏడాది రావాలని లేకపోతే బలవంతం చేయొద్దు. అక్కడ యోహాను 20వ అధ్యాయం మొదటి 18 వచనాలు, మొదటి కొరింథీ 15లో 20 నుంచి 26 వరకు, తర్వాత 51 నుంచి చివరిదాకా చదివితే చాలు. చివరి వచనం వదిలేయకండి. ఇంత పెద్ద వాదన చేసి పౌలు చివరికి 'కాబట్టి మీ ప్రయాస వ్యర్థం కాదు, ప్రభువు పనిలో స్థిరంగా ఉండండి' అని రోజువారీ పనిలోకి పంపేస్తాడు.

మామయ్యగారితో వాదన పెట్టుకోవద్దు. ఆయన సమాధి దగ్గరకు రానంటే రాకపోనివ్వండి. మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చునే ముందు ఆ 15వ అధ్యాయం ఆయన్నే పైకి చదివి ప్రార్థన చేయమని అడగండి. వాక్యం చదవమంటే కాదనరు.